మెయిల్ బండి ఫైర్మన్ పని: వాల్తేరులో ఇంజను ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా

ఆవిరి ఇంజనులో ఇప్పుడు వేసిన పారెడు బొగ్గు ఇప్పటి అవసరానికి కాదు, ఇంకో పది నిమిషాల తర్వాతి అవసరానికి. ఎదురుగా మిట్ట కనిపించాక నిప్పు పెంచడం మొదలుపెడితే, ఆ మిట్ట సగంలో బండి నిలబడిపోతుంది. కింద చెప్పిన ప్రతి పనికీ లెక్క ఇదే.

ఇక్కడ రాసింది డబ్ల్యుపి తరగతి ఇంజను గురించి. తూటాలాంటి గుండ్రటి మూతి, మధ్యలో నక్షత్రం ఉండేది అదే. మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. 1963 నుంచి చిత్తరంజన్‌లోనూ తయారయ్యాయి. దేశంలో పేరున్న మెయిళ్ళు, ఎక్స్‌ప్రెస్‌లు ఏళ్ళ తరబడి ఈ ఇంజన్లే లాగాయి. బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్లు. నిప్పు పరుచుకునే గ్రేటు వైశాల్యం 46 చదరపుటడుగులు, అంటే చిన్న గదంత. దాన్నంతా చేతి పారతోనే నింపాలి. ఇంజను మీద మనుషులు ముగ్గురు: డ్రైవరు, మొదటి ఫైర్మన్, రెండో ఫైర్మన్. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బళ్ళు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు ఈ తరగతి ఇంజను మీద పని చేతులతో నేర్చుకోవాలంటే హర్యానాలోని రేవాడీ షెడ్డే దిక్కు. అక్కడ డబ్ల్యుపిలు ఇంకా నిప్పు మీద నడుస్తున్నాయి. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళకీ, మన వాల్తేరు (ఇప్పటి విశాఖపట్నం స్టేషను) రన్నింగ్ స్టాఫ్ పని ఎలా సాగేదో సరిగ్గా తెలుసుకోవాలనుకునేవాళ్ళకీ ఇది పనికొస్తుంది.

ఇంజను అప్పగించుకోవడం

కాల్ బాయ్ ఇంటికి పుస్తకం తెచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాడంటే డ్యూటీ ఖాయం. షెడ్డుకు చేరేసరికి ఇంజను ఆవిరి మీద ఉంటుంది. చల్లటి ఇంజనులో నిప్పు రాజేయడం షెడ్డువాళ్ళ పని, దానికి గంటల సమయం పడుతుంది. తొందరపడి మంట పెంచితే రేకులు ఒకచోట వేడెక్కి, ఇంకోచోట చల్లగా ఉండిపోతాయి. అప్పుడు వేడి పొగను బాయిలరు నీళ్ళ మధ్యలోంచి తీసుకుపోయే ట్యూబుల మొదళ్ళు వదులై కారతాయి.

ఎక్కగానే మొదట చూడాల్సింది నిప్పు కాదు, నీళ్ళు. గేజ్ గ్లాసులో కనిపించే మట్టాన్ని పరీక్షించకుండా నమ్మకూడదు. ముందు కింది డ్రెయిన్ కాక్ తెరవండి. ఆవిరీ నీళ్ళూ కలిసి బయటికి కొడతాయి. తర్వాత పై కాక్ మూయండి. ఇప్పుడు నీళ్ళు మాత్రమే ధారగా రావాలి. పైది తెరిచి, గ్లాసు కింద ఉన్న నీళ్ళ కాక్ మూస్తే ఆవిరి మాత్రమే రావాలి. చివర రెండూ తెరిచి డ్రెయిన్ మూసేయండి. నీళ్ళు ఒక్క గెంతుతో పైకి లేచి నిలబడాలి. నెమ్మదిగా పాకుతూ ఎక్కాయంటే దారి పూడుకుపోయిందన్నమాట. ఆ గ్లాసు చూపించేది అబద్ధం. రెండో గ్లాసుకూ ఇలాగే చేసి రెండు మట్టాలూ పోల్చి చూడండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఫైర్‌బాక్స్ పైకప్పు రేకు మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ రేకు తేలితే నిమిషాల్లో ఎర్రబడి మెత్తబడుతుంది. పైనున్న ఆవిరి ఒత్తిడికి కిందికి ఉబ్బి చిరుగుతుంది. దానికి ముందే హెచ్చరించడానికి రేకులో సీసం నింపిన ప్లగ్గులు పెడతారు. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆ కన్నంలోంచి ఆవిరి నిప్పు మీదికి చిమ్ముతుంది. లోపలికి తొంగిచూసినప్పుడు ప్లగ్గు చుట్టూ తడి గానీ తెల్లటి చార గానీ కనిపిస్తే డ్రైవరుకు చెప్పకుండా ఇంజను కదలనివ్వకండి.

తర్వాత నిప్పు, ఇటుకల ఆర్చి, బూడిద పళ్ళెం చూడాలి. బూడిద పళ్ళెం నిండి ఉంటే కింద నుంచి గాలి రాదు. గాలి లేని నిప్పు మీద ఎంత బొగ్గు పోసినా పొగే వస్తుంది. ఇంజను మూతి దగ్గర స్మోక్‌బాక్స్ (ట్యూబుల్లోంచి వచ్చిన పొగ చేరే గది) తలుపు చుట్టూ ఓసారి చూసి రండి. తలుపు అంచున రంగు మాడి తెల్లబడిందంటే అక్కడ గాలి లోపలికి దూరుతోంది. ఈ చిన్న సందు దారి పొడుగునా ఆవిరి తిప్పలు పెడుతుంది. అది షెడ్డులోనే బిగించాలి, దారిలో కుదరదు.

సామాను లెక్క: పారలు రెండు, బొగ్గు పగలగొట్టే సుత్తి, నిప్పు కదపడానికి పొడుగాటి ఇనప ఊచలు, గేజ్ గ్లాసులు విడివి, నూనె డబ్బాలు, కాటన్ వేస్ట్, చేతి లాంతరు, ఎర్ర పచ్చ జెండాలు, డెటోనేటర్లు (పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించేవి). ఇసుక పెట్టెల్లో ఇసుక పొడిగా ఉందో లేదో చేత్తో తీసి చూడండి. సముద్రం గాలి తగిలే ఊరు, తడిసిన ఇసుక గొట్టంలోనే గడ్డ కడుతుంది. మంచినీళ్ళ కూజా, ఉప్పేసిన మజ్జిగ మర్చిపోకూడదు. రోహిణి కార్తెలో ఫైర్‌బాక్స్ ముందు నిలబడ్డవాడికి అన్నం లేకపోయినా గడుస్తుంది, మజ్జిగ లేకపోతే గడవదు.

వాల్తేరు ప్లాట్‌ఫారం మీద

హౌరా, మద్రాసు మెయిల్ 1900లో మొదలైంది. 1902లో వాల్తేరుకు ఉత్తరం లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. దక్షిణం అప్పటికే మద్రాసు వైపు కంపెనీది. అలా రెండు కంపెనీలు కలుసుకున్న చోటు మన వాల్తేరు. దానికి తోడు బండి ఇక్కడ ముఖం తిప్పుకుంటుంది. ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపే బయటికి పోవాలి. హౌరా నుంచి కిటికీ పక్కన ఎదురుగాలికి కూర్చున్నవాళ్ళకు వాల్తేరు దాటాక గాలి వీపు వైపు నుంచి వస్తుంది. అందుకే ఇక్కడ వచ్చిన ఇంజను విప్పడం, అవతలి చివర కొత్త ఇంజను తగిలించడం అనే రెండు పనులూ నిలుపు సమయంలోనే అయిపోవాలి.

విప్పేటప్పుడు వరుస మారకూడదు. ముందు వ్యాక్యూమ్ (బ్రేకులు పట్టకుండా ఉంచడానికి బ్రేకు గొట్టంలోంచి గాలి లాగేసిన స్థితి) పూర్తిగా పోగొట్టాలి. తర్వాత రెండు హోస్ పైపులు విడదీసి, ఇంజను హోస్‌ను దాని మూతి మూసే డమ్మీ ప్లగ్గుకు తగిలించాలి. ఆ తర్వాతే స్క్రూ కప్లింగ్ వదులు చేసి సంకెల కొక్కెం మీంచి ఎత్తాలి. తగిలించేటప్పుడు వరుస దీనికి ఎదురు: ముందు కప్లింగ్, తర్వాత హోస్. బఫర్లు ఒకదానికొకటి ఒత్తుకునేదాకా స్క్రూ బిగించాలి. వదులుగా ఉంటే బయల్దేరేటప్పుడు బోగీ బోగీకీ కుదుపు పాకి, నిద్రపోయేవాళ్ళంతా లేస్తారు.

హోస్ కలిపే ముందు రెండు రబ్బరు వాషర్లనూ వేలితో తడిమి చూడండి. అంచు చిట్లినా, ఇసుక రేణువు అంటుకున్నా గాలి లాగుతుంది. చెవి పెడితే సన్నటి ఈల వినిపిస్తుంది. డ్రైవరు ఆవిరి ఊపుతో గొట్టంలో గాలి లాగేసే పెద్ద ఎజెక్టరుతో వ్యాక్యూమ్ ఎక్కించి, చిన్నదానితో నిలబెడతాడు. ఇంజను గేజీలో 53 సెంటీమీటర్లు రావాలి. ఎంతసేపైనా రాకపోతే మొదట చూడాల్సింది ఇంజను రెండో చివర హోస్. అది డమ్మీ ప్లగ్గు మీద కూర్చోకపోతే గాలంతా అందులోంచే వస్తుంది. అదీ బాగుంటే తోక బోగీ హోస్ చూడాలి. ఈ సంగతి ఫైర్మన్‌కు ఎందుకంటే, ఎజెక్టరు తాగేదీ బాయిలరు ఆవిరే. కారే బండికి దారంతా పెద్ద ఎజెక్టరు తెరిచి ఉంచాల్సి వస్తే, ఆ నష్టం పూడ్చేది మీ పారే.

ఇదే సమయంలో గార్డు కూడా చివర మారుతున్నాడు. ఇంతదాకా తోకగా ఉన్నది తలైంది. టెయిల్ ల్యాంపు, పగలైతే ఎల్‌వి బోర్డు (ఇదే ఆఖరి బోగీ అని చెప్పే పలక), పాత చివర నుంచి తీసి కొత్త చివర పెట్టాలి. బండి పూర్తిగా వచ్చిందీ లేనిదీ స్టేషను మాస్టరు తెలుసుకునేది ఆ దీపాన్ని చూసే. గార్డు తన వ్యానులో వాల్వు తెరిస్తే ఇంజను గేజీలో ముల్లు పడాలి. పడలేదంటే మధ్యలో ఎక్కడో పైపు మూసుకుపోయింది, వెనక బోగీలకు బ్రేకు లేదు. ఈ పరీక్ష కాకుండా ఏ తొందరా బండిని కదిలించకూడదు.

బండి నిలిచి ఉన్న ఆ పావుగంట మొదటి ఫైర్మన్‌కు అసలు పరీక్ష. సేఫ్టీ వాల్వు లేవకూడదు, అయినా బయల్దేరే క్షణానికి నిప్పు నిండుగా ఉండాలి. డాంపర్లు (బూడిద పళ్ళెం గాలి తలుపులు) కొంచెం మూసి, ఇంజెక్టరు పెట్టి బాయిలర్లోకి నీళ్ళు ఎక్కిస్తూ పీడనాన్ని సేఫ్టీ వాల్వు లేచే గీత కింద పట్టి ఉంచండి. సిగ్నలు పడేముందు వెనక మూలలు, తలుపు కింద భాగం మందంగా నింపండి. ఈ బొగ్గే సింహాచలం దాటించాలి.

బండి కదిలాక

పార పట్టే పద్ధతి ముందు. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒంటిని నడుము దగ్గర తిప్పాలి, పాదాలు కదలకూడదు. ఊగే ఇంజను మీద అడుగులు వేస్తే పడతారు. పార అడుగు భాగాన్ని తలుపు అంచు మీద ఆనించి, మణికట్టు తిప్పి బొగ్గు ఎటు పడాలో అటు విసరాలి. దూరం పడాలంటే పార అంచుకు కొట్టినట్టు ఆపితే చాలు, బొగ్గు తనంతట తానే జారి ముందుకు పోతుంది. బలంతో తోస్తే నడుము పడుతుంది, బొగ్గు మాత్రం మధ్యలోనే కుప్పగా పడుతుంది.

బొగ్గు ముక్కలు పిడికిలంత ఉండాలి. రెండో ఫైర్మన్ టెండర్లో (ఇంజను వెనకుండే బొగ్గు, నీళ్ళ బండి) పెద్ద రాళ్ళు పగలగొట్టి ముందుకు లాగుతూ ఉండాలి. పొడి బొగ్గును గొట్టంతో తడపండి. పొడిగా వేస్తే చిమ్నీ ఈడ్చుకుని అలాగే బయటికి ఊదేస్తుంది. ఒక పారకు ఏడు కిలోల లెక్కన వేసుకుంటే టన్నుకు సుమారు 140 పారలు. మెయిల్ వేగంలో గంటకు టన్ను దాటుతుంది.

ఒక విడతకు ఆరు నుంచి ఎనిమిది పారలు చాలు. ఎడమ వెనక మూల, కుడి వెనక మూల, ఎడమ పక్క, కుడి పక్క, తర్వాత ముందు ఎడమ, ముందు కుడి. మధ్యలో పెద్దగా వేయక్కర్లేదు, ఊపుకు అటూ ఇటూ దొర్లి అదే నిండుతుంది. మూలలు, తలుపు కింద మందంగా, ముందుకు పోయేకొద్దీ పలచగా ఉండాలి. పారకూ పారకూ మధ్య రెండో ఫైర్మన్ తలుపు మూస్తూ ఉంటే మంచిది. తెరిచిన తలుపులోంచి దూరే చల్లగాలి నేరుగా ట్యూబు ప్లేటుకు తగిలి ట్యూబులు కారేలా చేస్తుంది.

ఇక చిమ్నీ చూడండి. వేసిన వెంటనే నల్లటి పొగ, కాసేపటికి పలచటి బూడిద రంగు, తర్వాత ఏమీ ఉండదు. ఆ పలచటి పొగ పోయే క్షణమే తర్వాతి విడతకు సమయం. నలుపు తగ్గకపోతే బొగ్గు ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. పూర్తిగా తేటగా ఉంటే నిప్పు పలచబడి కన్నం పడింది. ఆ కన్నం ఎక్కడుందో కళ్ళకు నేరుగా కనిపించదు, మంట వెలుగు చూడనివ్వదు. పారను బోర్లించి తలుపులోంచి కొంచెం లోపలికి పెట్టండి. పార మీదుగా దూరే గాలి మంటను పక్కకు తోస్తుంది. ఆ సందులో నిప్పు నేల కనిపిస్తుంది. కళ్ళు జిగేల్మనే తెల్లటి మచ్చ ఉన్నచోట కన్నం, మసకగా ఎర్రగా ఉన్నచోట చిట్టెం కడుతోంది. రోజులో ఎన్నిసార్లు ఇలా చూస్తే అన్ని పారలు ఆదా.

చిట్టెం మన బొగ్గుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. బూడిద ఎక్కువ, అది కరిగి గ్రేటు మీద అప్పడంలా అతుక్కుంటుంది. మందంగా వేసిన కొద్దీ, మాటిమాటికీ ఊచతో కలబెట్టిన కొద్దీ అది పెరుగుతుంది. బూడిదను పైకి తెచ్చి వేడి నిప్పులో కలపడమే దానికి కారణం. ఊచను అడుగున దూర్చి, చిట్టెం పలకను ఎత్తి విరగ్గొట్టి ఆపేయండి. గ్రేటు కదిపే చేతికర్ర ఉన్న ఇంజన్లలో కొద్దిగా కదిపితే బూడిద రాలిపోతుంది. గట్టిగా ఊపితే మంచి నిప్పంతా పళ్ళెంలోకి జారిపోతుంది.

ఒక జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. డ్రైవరు రెగ్యులేటరు (సిలిండర్లలోకి ఆవిరి వదిలే వాల్వు) మూసే ముందు బ్లోయరు (చిమ్నీలోకి ఆవిరి చిమ్మి పొగను లాగేది) తెరిచి ఉండాలి. మామూలుగా పొగను లాగేది సిలిండర్లలోంచి వచ్చే ఆవిరి ఊపు. రెగ్యులేటరు మూయగానే ఆ ఊపు ఆగుతుంది, మంట తలుపులోంచి వెనక్కి క్యాబులోకి కొడుతుంది. డ్రైవరు మూసే ముందు చెప్పాలి, ఫైర్మన్ వినకపోయినా సిగ్నలు చూసి ముందే పసిగట్టాలి.

నీళ్ళు

ఇంజెక్టరును తక్కువ అంచనా వేసినవాడు ఎక్కడో ఒకచోట దెబ్బ తింటాడు. ముందు నీళ్ళ వాల్వు తెరవండి. కింద ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి ధార కనిపిస్తుంది. తర్వాత ఆవిరి వాల్వు ఒక్కసారిగా తెరవండి. ధార ఆగి, లోపల ఒక మూలుగు లాంటి పాట మొదలవుతుంది. నీళ్ళు బాయిలర్లోకి పోతున్నాయన్నమాట. ఇంకా చుక్కలు కారుతుంటే నీళ్ళ వాల్వు కొద్దిగా తగ్గించండి. ఆవిరి తుంపర చిమ్ముతుంటే కొద్దిగా పెంచండి. చుక్క పడని చోట వదిలేయండి.

అందుకోకపోతే చాలాసార్లు కారణం వేడి. ఆవిరి కారి ఇంజెక్టరు కాలిపోయి ఉంటుంది. లోపల ఆవిరి చల్లబడి నీటిలో కలిసిపోతేనే అది పని చేస్తుంది. రెండు వాల్వులూ మూసి, గొట్టంతో దాని ఒంటి మీద చల్లటి నీళ్ళు పోసి మళ్ళీ పెట్టండి. అయినా రాకపోతే టెండరు జల్లెడలో చెత్త అడ్డుపడి ఉంటుంది. మరీ ఆలస్యం చేయకుండా రెండో ఇంజెక్టరు పెట్టండి. రెండూ అందుకోకపోతే, నీటిమట్టం గ్లాసు కింది నట్టుకు చేరకముందే నిప్పు దించాల్సిందే. అప్పుడు మెయిల్ ఆగిపోయినా ఫర్వాలేదు.

నీళ్ళు ఎప్పుడు ఎక్కించాలో దారిని బట్టి తెలియాలి. చల్లటి నీళ్ళు పోసినంతసేపూ పీడనం పడుతుంది. కాబట్టి మిట్ట ఎక్కుతుండగా కాదు, అంతకుముందు స్టేషనులో నిలిచినప్పుడో, పల్లంలో జారుతున్నప్పుడో నింపుకోవాలి. శిఖరం దాటే ముందు మట్టం కొంచెం ఎక్కువ ఉండాలి. పల్లంలోకి దిగగానే నీళ్ళన్నీ ముందుకు పోయి వెనక పైకప్పు రేకు తేలుతుంది. మిట్ట మీద గ్లాసులో సగం చూసి నిబ్బరపడితే దిగుడులో గ్లాసు ఖాళీగా కనిపిస్తుంది. మరీ నిండుగా ఉంచినా తప్పే. నీళ్ళు ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతాయి, చిమ్నీలోంచి మురికి నీళ్ళ వాన కురుస్తుంది. అప్పుడు రెగ్యులేటరు తగ్గించి, సిలిండరు డ్రెయిన్ కాక్‌లు తెరవాలి.

పీడనం పడుతోందంటే

బొగ్గు పోసేయాలనిపిస్తుంది, పోయకండి. ముందు నిప్పు చూడండి. కన్నం ఉంటే అక్కడే రెండు పారలు. చిట్టెం ఉంటే ఊచ. ఎర్రగా దట్టంగా ఉంటే బొగ్గు ఆపి, డాంపరు, బ్లోయరు తెరిచి రగలనివ్వండి. నిప్పు తెల్లగా బాగున్నా ముల్లు పడుతుంటే లోపం ముందే చెప్పిన స్మోక్‌బాక్స్ తలుపుది, లేదా పూడిన ట్యూబులది. అది డ్రైవరుకు చెప్పి, కాసేపు నెమ్మదిగా నడపమనండి. సిగ్గుపడి దాచితే మధ్యలో ఆగి ఇద్దరూ సంజాయిషీ రాయాల్సి వస్తుంది.

సింగిల్ లైను సెక్షనులో టోకెను (ముందు సెక్షనులోకి పోవడానికి అనుమతి) అందుకునేది రెండో ఫైర్మన్. వెదురు లేదా బెత్తపు చుట్టకు కట్టిన సంచిలో ఇనప బంతి ఉంటుంది. పాతది ముందు వదిలి, కొత్తదాన్ని చేత్తో పట్టుకోకుండా మోచెయ్యి వంచి చుట్టలోంచి దూర్చాలి. వేళ్ళతో పట్టబోతే వేగానికి వేళ్ళు విరుగుతాయి. అందగానే సంచి తెరిచి బంతి మీద చెక్కిన స్టేషన్ల పేర్లు పైకి చదవండి. ముందున్న సెక్షను పేరు కాకపోతే అది లేనట్టే, బండి ఆగాలి. స్టేషను దాటాక వెనక్కి చూసి గార్డు పచ్చ జెండా, రాత్రైతే పచ్చ దీపం కనిపించిందని డ్రైవరుకు చెప్పాలి.

దారిలో బండి ఆగిపోయి కదలకపోతే నాలుగు పొట్టి కూతలు వేయాలి. గార్డు వెనక వైపు కాపలాకు నడుస్తాడు. 600 మీటర్ల దగ్గర ఒక డెటోనేటరు, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంలో మూడు. వెనక్కి పిలవడానికి రెండు పొడుగు కూతలు. వచ్చేటప్పుడు మధ్యలో పెట్టిన ఒక్కటే తీసుకుంటాడు, ఆ మూడూ అక్కడే ఉంటాయి.

చక్రం జారితే, మంచు పడిన తెల్లవారుజామున ఇది మామూలే, ముందు రెగ్యులేటరు మూయాలి. తర్వాతే ఇసుక. తిరుగుతున్న చక్రం కింద ఇసుక వేస్తే ఒక్కసారి పట్టుకుని రాడ్లు వంగుతాయి.

దిగేటప్పుడు

చివరి ఇరవై కిలోమీటర్లలో నిప్పు తగ్గించుకుంటూ రావాలి. మద్రాసు వైపు నుంచి వాల్తేరు వచ్చేవాళ్ళు అనకాపల్లి దాటాక పార చాలా తగ్గిస్తేనే షెడ్డులో పడేసే మంచి నిప్పు తగ్గుతుంది. షెడ్డులో నిప్పు తీసి, చిట్టెం లాగి, స్మోక్‌బాక్స్‌లో పేరుకున్న మసి తోడించండి. బాయిలరును గ్లాసులో మూడొంతులు నింపి డాంపర్లు మూయండి.

తర్వాత ఇంజనును వదిలే పద్ధతి. రెగ్యులేటరు గట్టిగా మూయాలి. ఇంజను ముందుకా వెనక్కా అని మార్చే గేరు సరిగ్గా మధ్యలో పెట్టాలి. సిలిండరు కాక్‌లు తెరవాలి. టెండరు చేతి బ్రేకు బిగించాలి. నాలుగూ వేర్వేరుగా డ్రైవరు, ఫైర్మన్ ఇద్దరూ చేత్తో తాకి చూసుకోవాలి. రెగ్యులేటరు కొంచెం కారినా ఆవిరి సిలిండర్లలో చేరుతూ ఉంటుంది. కాక్‌లు మూసి, గేరు ముందుకు ఉంటే, ఎవరూ లేని ఇంజను రాత్రిపూట తనంతట తానే కదిలిపోతుంది. ఆ తర్వాత రిపేరు పుస్తకంలో ఏ ఇంజెక్టరు సతాయించిందో, ఏ గ్లాసు నెమ్మదిగా లేచిందో, స్మోక్‌బాక్స్ తలుపు ఏ పక్క మాడిందో రాసి సంతకం పెట్టండి. రేపు ఈ ఇంజను ఎక్కే ఫైర్మన్ ఆ పేజీ తెరిచే డ్యూటీ మొదలుపెడతాడు.